పోరోస్‌లో తప్పిన ఓడ

క్యారీ, నార్త్ కరోలినా
మార్చి 9

వదినకి,

నమస్కారం. మీరు పంపిన కందిపొడి, గోంగూర అందాయి. సీసా మూత కాస్త వదులై డబ్బా అంతా నూనె. మెయిల్‌మాన్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు. గోంగూర మాత్రం ఒక్క రవ్వ కూడా పోలేదు.

నిన్న ఫోన్‌లో మీ గొంతు బొంగురుగా వినిపించింది. అడిగితే పొలెన్ ఎలర్జీ అన్నారు. మిషిగన్‌లో మార్చిలో పొలెన్ ఎక్కడిది వదినా? వచ్చే నెల రాజీవ్ తిథి అని నాకూ గుర్తుంది. ఇలాంటివి ఫోన్‌లో వద్దు, రాసుకుందాం అని మీరు మొదలుపెట్టడం ఎంత మంచిదయిందో. ఫోన్‌లో అయితే నాలుగు మాటలకే ఇద్దరం ఏడుపులోకి దిగుతాం. కాగితం మీద ఏడిస్తే అక్షరాలు చెరిగిపోతాయని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాం.

ఒక సంగతి చెప్పాలి. మే నెలలో గ్రీస్ వెళ్దామంటున్నారు. మా శనివారం నడక వాళ్ళు. పోయినసారి మీరు లేక్ దగ్గర త్రివేణి గారిని చూశారు కదా, పసుపు టోపీ ఆవిడ, ఆవిడే అంతా ప్లాన్ చేస్తోంది. పదిమందిమి. ఏథెన్స్‌లో వారం రోజులు. అందులో ఒక రోజు షిప్ ఎక్కించి మూడు దీవులు తిప్పి చూపిస్తారట. పొద్దున ఎక్కితే సాయంత్రానికి దింపేస్తారు. నేను మొదట రానన్నాను. అవని ఫోన్ చేసి 'అమ్మా, జస్ట్ గో' అని విసుక్కుంది. మీరేమంటారు? మీరు వద్దంటే మానేస్తాను.

నిద్ర సంగతి అడిగారు. అలాగే ఉంది. హాల్లో రిక్లైనర్ మీద, టీవీ సౌండ్ తగ్గించి పెట్టుకుని, కాసేపు అటూ ఇటూగా. ఆ గదిలోకి మాత్రం పోలేకపోతున్నాను.

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీ పద్మ


ట్రాయ్, మిషిగన్
మార్చి 17

చి. పద్మకి, ఆశీస్సులు.

'మీరు వద్దంటే మానేస్తాను' అనే మాట ఇంకోసారి రాయకు. నేనేమన్నా అత్తగారినా? వెళ్ళు. హాయిగా తిరిగి రా. గ్రీస్ అనగానే మీ అన్నయ్య గారు ఆ షిప్ ఇంజన్ ఏ కంపెనీదో కనుక్కుని రమ్మన్నారు. ముప్పై ఏళ్ళు కార్ల ఇంజన్లతో గడిపిన మనిషికి దేశాలన్నీ ఇంజన్లుగానే కనిపిస్తాయి.

అల్లం మురబ్బా పంపిస్తున్నాను. సముద్రం మీద కడుపులో తిప్పితే చప్పరించు. మీ ఆయన సంగతి నీకు చెప్పానో లేదో. వాడికి ఏడేళ్ళప్పుడు రాజమండ్రి నుంచి పాపికొండలకి లాంచీలో వెళ్ళాం. నేను కొత్త పట్టు పరికిణీ కట్టుకున్నాను. రేవు దాటిన పావుగంటకి వాడు నా ఒళ్ళో తల పెట్టాడు. ముద్దొచ్చి పడుకోబెట్టుకున్నాను. తర్వాత ఆ పరికిణీ ఏమైందో అడక్కు. ఒడ్డు చేరేదాకా 'అక్కా, నీళ్ళు ఎప్పుడయిపోతాయి?' అని ఒకటే గోల. ఆ తర్వాత జన్మలో పడవెక్కలేదు.

నిద్ర గురించి. వాడు నిద్రలోనే పోయాడు. పక్కనే పడుకున్న నీకు తెలియలేదు. ఎవరికీ తెలిసేది కాదని డాక్టరే చెప్పాడు. ఇది నీకు ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు, అయినా మళ్ళీ చెప్తున్నాను: ఆ రాత్రి నువ్వు నిద్రపోవడం తప్పు కాదు.

కింద గదికి రంగు వేయిస్తున్నాం. లేత ఆకుపచ్చ. కిటికీ పక్కన నీ ఆఫీస్ టేబుల్ పట్టేంత చోటుంది. నీ ఉద్యోగం ఎలాగూ ఇంట్లోంచి చేసేదే. ఏడాదిలో సగం ఇక్కడే ఉన్నా ఎవరడుగుతారు? అవని కూడా ఆన్ ఆర్బర్‌లో కాలేజీ నుంచి శనివారం శనివారం వస్తూనే ఉంది. నేను ఒత్తిడి పెట్టడం లేదు. గది ఉందని చెప్తున్నాను, అంతే.

నీ వదిన


ఏథెన్స్
మే 20

ప్రియమైన వదినకి,

హోటల్ వాళ్ళ కాగితం మీద రాస్తున్నాను. దీనికంటే నేనే ముందు అమెరికా చేరతానేమో. అయినా నిన్నటి రోజు చల్లారకముందే మీకు రాయాలనిపించింది. మూడు దీవులని వెళ్ళి రెండే చూసి వచ్చాను. ఎందుకో చెప్తాను.

పొద్దున్నే బస్సులో పిరేయస్ అనే రేవుకి తీసుకెళ్ళారు. షిప్ అంటే మన గోదావరి లాంచీకి అన్నయ్య లాంటిదేదో అనుకున్నాను. తీరా చూస్తే మూడంతస్తుల మేడ. ఎక్కగానే ఒకాయన మైకు పట్టుకుని ఒక్కో మాటా అయిదారు భాషల్లో చెప్పడం మొదలుపెట్టాడు. 'తెలుగులో ఒక్క ముక్క చెప్పలే, దిగేటప్పుడు కంప్లైంట్ ఇద్దాం' అన్నారు మా నడక గుంపులోని దివాకర్ గారు. రేవు దాటి అలలు మొదలవగానే నాకు మీ పట్టు పరికిణీ గుర్తొచ్చింది. నాకేమీ కాలేదు. దివాకర్ గారి మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది. మీరిచ్చిన మురబ్బా సగం ఆయనే తినేశారు.

మొదటి దీవి హైడ్రా. అక్కడ కార్లు లేవు వదినా. బస్సు లేదు, స్కూటర్ లేదు. సామాన్లన్నీ కంచరగాడిదల మీదే. ఒకదాని వీపు మీద వాషింగ్ మెషిన్ కట్టి మెట్ల దారిలో ఎక్కిస్తున్నారు. కొనుక్కున్నావిడ వెనకాలే దాన్ని కొత్త కోడల్ని తెచ్చుకుంటున్నట్టు జాగ్రత్తగా చూసుకుంటూ నడుస్తోంది. క్యారీలో పాల క్యాన్ అయిపోతే కారు తీయాలి. ఇక్కడ ఊరంతా కాళ్ళ మీదే బతుకుతోంది. రాతి ఇళ్ళు రేవు చుట్టూ అరచేయి వంచినట్టు ఉంటాయి. గుమ్మం గుమ్మానికీ ఒక పిల్లి. దివాకర్ గారు ఒక్కో పిల్లినీ ఆగి పలకరిస్తారు. అలా అయితే ఊరు దాటేదెప్పుడు?

భోజనం షిప్‌లోనే పెట్టారు. మీరు అడిగేలోపే చెప్తున్నాను, మాంసం ముట్టలేదు. ద్రాక్ష ఆకుల్లో చుట్టిన పుల్లటి అన్నం తిన్నాను. కాస్త ఇంగువ పడితే మనదే. ఆలివ్ కాయ మాత్రం ఉప్పులో ఊరేసిన నేరేడుకాయలా ఉంది. తర్వాత పాటలు పెట్టి అందర్నీ లేపి, భుజాల మీద చేతులు వేయించి వరసగా డాన్స్ చేయించారు. నేను లేవలేదు. కూర్చునే కాలితో తాళం వేశాను.

రెండో దీవి పోరోస్. అక్కడ సముద్రం ఒక కాలవంత సన్నగా ఉంటుంది. అవతలి ఒడ్డున ఎవరో బట్టలు ఆరేస్తుంటే రంగులు తెలుస్తున్నాయి. కొండ మీద గడియార స్తంభం ఒకటుంది. మిగతావాళ్ళు కింద కాఫీ దగ్గర కూర్చుంటే నేనూ దివాకర్ గారూ పైకెక్కాం. దిగేటప్పుడు సందుల్లో దారి తప్పాం. అన్నీ తెల్లటి గోడలే, ఏది ఏదో తెలియదు. రేవుకొచ్చేసరికి షిప్ వెళ్ళిపోయింది! త్రివేణి గారు ఫోన్‌లో ఒకటే అరుపులు. నా బ్యాగు షిప్‌లోనే ఉండిపోతే వాళ్ళే తెచ్చారు. మేము సాయంత్రం మామూలు ఫెర్రీ పట్టుకుని వచ్చేశాం. అలా మూడో దీవి ఏజినా చూడనే లేదు. అక్కడ పిస్తా తోటలట. మీకోసం పిస్తా త్రివేణి గారే కొని తెచ్చారు. వేరే పార్సిల్‌లో పంపుతాను.

నేను బాగున్నాను. బెంగ పెట్టుకోకండి. గదికి రంగు పూర్తయిందా?

మీ పద్మ


ట్రాయ్
జూన్ 3

పద్మజకి,

ఉత్తరం అందింది. పిస్తా కూడా.

పదిమంది వెళ్ళామన్నావు. నీ ఉత్తరంలో త్రివేణి గారు అరవడానికోసారి, పిస్తా కొనడానికోసారి వచ్చింది. మిగతాదంతా ఒకటే పేరు. అల్లం మురబ్బా నేను నీకోసం పంపాను.

నువ్వు దారి తప్పే మనిషివి కాదు. జీపీఎస్ పెట్టుకుని కూడా తప్పేవాడు రాజీవ్. పక్కన కూర్చుని సరిచేసేదానివి నువ్వు. కొండ మీద నుంచి కళ్ళెదురుగా కనిపించే రేవుకి దారి తప్పానంటే నమ్మమంటావా?

నేను అడగను. చెప్పాలనుకుంటే చెప్పు.

గదికి రంగు పూర్తయింది.

కృష్ణవేణి


క్యారీ
జూన్ 10

వదినకి,

మీ ఉత్తరం కింద 'వదిన' అని లేదు. ఆ సంతకం వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మీరు నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

దివాకర్ గారిది హనుమకొండ. ఇక్కడ ఒక ఫార్మా కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. యాభై దాటాయి. పెళ్ళయింది, చాలా ఏళ్ళ క్రితమే విడిపోయారు. పిల్లలు లేరు. శనివారం నడకలోనే పరిచయం. అందరూ నడుస్తూ మాట్లాడతారు, ఆయన మాట్లాడాలంటే ఆగిపోతారు. అందుకని ఆయనతో మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ వెనకబడతారు. రెండేళ్ళుగా వెనకబడుతున్నది నేనే. పోయిన డిసెంబర్‌లో నన్ను అడిగారు, పెళ్ళి చేసుకుందామా అని. నేను జవాబు చెప్పలేదు. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నడకా మానలేదు. చెప్పడానికి ఏమీ లేదు కదా అని మార్చిలో మీకు రాయలేదు. ఏమీ లేకపోతే చెప్పడానికి భయమెందుకని అప్పుడు నన్ను నేను అడగలేదు.

పోరోస్‌లో మేము దారి తప్పలేదు.

గడియార స్తంభం పక్కన పొట్టి గోడ ఒకటుంది. దానికి పైన్ చెట్ల నీడ. ఎక్కిన ఆయాసానికి కాసేపు కూర్చుంటానన్నాను. ఆయన నీళ్ళ సీసా తెస్తానని కిందికి దిగారు. గోడకి తల ఆనించి నీళ్ళ వైపు చూస్తున్నాను. గాలి చల్లగా వస్తోంది. అంతవరకే గుర్తు.

కళ్ళు తెరిచేసరికి నీడ పక్కకి జరిగిపోయింది. నా మీద ఆయన జాకెట్ కప్పి ఉంది. నాకు ముందు కలిగింది భయం వదినా. నిద్రపోయాను! అని. వెంటనే ఆయన కోసం వెతికాను. కాస్త దూరంలో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఊపిరి ఆడుతోందా అని చూశాను. నిజంగా చూశాను, ఛాతీ వైపు. ఆయన తల తిప్పి నవ్వారు.

కింద రేవు ఖాళీగా ఉంది.

'షిప్ ఏదండీ?' అన్నాను.

'పోయింది.'

'పోవడమేమిటి! నన్ను లేపొద్దూ?'

'లేపుదామనే వచ్చిన. వచ్చి చూస్తే నిద్రపోతున్నరు, చిన్నపిల్ల లెక్క. ఎట్ల లేపాలె? ఓడకేముంది పద్మజ గారూ, పొద్దుగూకేలోపు ఇంకోటి వస్తది. నిద్ర మల్ల వస్తదో రాదో ఎవరికెరుక?'

నాకు నిద్ర పట్టదని, ఎందుకు పట్టదో కూడా, ఎప్పుడో నడకలో ఆయనకి చెప్పాను. ఆయన ఆ మెట్టు మీదే కూర్చుని షిప్ కూత వేయడం, తాళ్ళు విప్పడం, మలుపు తిరిగి కనుమరుగవడం అంతా చూశారట. త్రివేణి గారు ఫోన్ చేస్తే మెల్లగా 'మీరు పోండి, మేం వస్తం' అన్నారట. అప్పుడు ఏడ్చాను. మీ ముందు తప్ప ఎవరి ముందూ అలా ఏడవలేదు. ఆయన ఓదార్చబోలేదు. నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చారు.

సాయంత్రం ఫెర్రీ పై డెక్ మీద ఆ మాట నేనే ఎత్తాను. 'మీరు డిసెంబర్‌లో అడిగినదానికి నాకు ఇష్టమే. కానీ ముందు మా వదినకి చెప్పాలి' అన్నాను.

'ఆమె కాదంటే?' అన్నారు.

'ఏమో, నాకు తెలియదు. ఆవిడకి చెప్పకుండా మాత్రం ఏదీ చేయను' అన్నాను. ఆయన తల ఊపారు.

నాకు అమ్మా నాన్నా లేరు. రాజీవ్ పోయినప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళు, పక్కనే ఉండి కూడా తెలియలేదా అని గుసగుసలాడుతుంటే మీరు తలుపు దగ్గర నిలబడి, 'మా పద్మని ఒక్క మాట అనే వాళ్ళెవరైనా ఉంటే బయటికి నడవండి' అన్నారు. అలాంటి మనిషిని పోగొట్టుకుని ఇంకో మనిషిని తెచ్చుకోవడం నా వల్ల కాదు. రేపు నేను వేరే ఇంటి మనిషినయ్యాక మిమ్మల్ని వదినా అని పిలవచ్చా? నాకు తేలనిది ఇదొక్కటే.

మీ పద్మ


ట్రాయ్
జూలై 20

చి. పద్మకి, ఆశీస్సులు.

నెల దాటింది. నువ్వు రోజూ మెయిల్‌బాక్స్ దగ్గరికి వెళ్ళొస్తున్నావని అవని చెప్పింది. రాయక కాదు, రాసినవి చింపేశాను. ఒకదాంట్లో కోపం ఎక్కువైంది, ఇంకోదాంట్లో మంచితనం ఎక్కువైంది. రెండూ నా గొంతులా లేవు.

నా కోపం ఆ పెద్దమనిషి మీద కాదు. నీ మీద కూడా కాదు. అదేమిటో తెలుసుకోవడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. రాజీవ్‌ని చిన్నప్పుడు ఎరిగినదాన్ని నేను. పెద్దయ్యాక ఎరిగినదానివి నువ్వు. మనిద్దరం కూర్చుని చెప్పుకుంటేనే వాడు నిండుగా కనిపిస్తాడు. మీ అన్నయ్య గారు వాడి పేరెత్తితే టీవీ సౌండ్ పెంచుతారు. పాపం ఆయనకి తట్టుకోవడం అలాగే వచ్చు. అవని ఏడుస్తుందని దాని దగ్గర నేనే నోరు మెదపను. ఇక మిగిలింది నువ్వు. నువ్వు కూడా ఇంకో కాపురంలో పడితే నా తమ్ముడి పేరు నేనెవరి దగ్గర పలకాలి? ఇదీ నా బాధ. ఆ గదికి రంగు వేయించింది నీకోసమని రాశాను. నీకోసం కాదు, నాకోసం.

పోయిన శనివారం అవని వచ్చింది. దానికి తెలుగు చదవడం రాదు కదా, నీ ఉత్తరం చదివి వినిపించమంది. నువ్వు గోడకానుకుని నిద్రపోయిన చోటికొచ్చేసరికి నేను కాగితం ఒళ్ళో పెట్టేశాను.

'వెయిట్, అత్తా. అమ్మ పడుకుందా? బయటా? పగలు?' అంది.

'అవునే' అన్నాను.

'మళ్ళీ చదువు' అంది.

మళ్ళీ చదివాను. నీకూ నాకూ తెలియనిది ఒకటి అప్పుడు చెప్పింది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పిల్ల, నువ్వు పడుకున్నావో లేదో మెట్ల మీద నుంచి తొంగి చూసి వెళ్ళి పడుకునేదట. నాలుగేళ్ళుగా. నువ్వు దానికి తెలియదనుకున్నావు, అది నీకు తెలియనివ్వలేదు. 'హీ లెట్ ద బోట్ గో, అత్తా' అంది చివరికి. పప్పూ అన్నం పెట్టించుకుని, ఆవకాయ వేసుకుని రెండోసారి అడిగి మరీ తింది.

నేను ఆ మనిషిని చూడాలి. నీ ఉత్తరంలో మనిషిని కాదు, అసలు మనిషిని. నీ ఉత్తరంలో అందరూ మంచివాళ్ళుగానే ఉంటారు. సెప్టెంబర్‌లో వస్తాను, ఒక్కదాన్నే. ఎయిర్‌పోర్ట్‌కి నువ్వే రా, అతన్ని పంపకు.

నీ వదిన


క్యారీ
ఆగస్టు 2

వదినకి,

రండి. ఇంకేమీ తోచడం లేదు, రండి.

మీరొస్తున్నారంటే దివాకర్ గారు ఏం వండాలో తేల్చుకోలేకపోతున్నారు. ఆయనకి బాగా వచ్చింది సర్వపిండి ఒక్కటే. మీరు కారం ఎక్కువ తినరని చెప్పాను. 'కారం లేని సర్వపిండి ఎట్లుంటదండి' అని దిగులుగా కూర్చున్నారు.

మీ బాధ చదివాను. రాజీవ్ గురించి మీ దగ్గర మాట్లాడడం నేనెప్పుడు మానేస్తాను వదినా? మీకు చెప్పనిది ఒకటి ఇప్పుడు చెప్తాను. అవనిని మొదటిసారి స్విమ్మింగ్ క్లాసులో వేసిన ఏడాది, ఆయన కూడా ఎవరికీ చెప్పకుండా పెద్దవాళ్ళ క్లాసులో చేరారు. కొలనులో దాని పక్కన ఒక నాన్న ఉండాలి కదా అని. చేతులకి గాలి బుడగలు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని దిగేవారు. వేసవంతా దిగినా ఈత రాలేదు. నడుం లోతులో నిలబడడం మాత్రం వచ్చింది. అవనిని పట్టుకోవడానికి అది చాలన్నారు. 'అక్కకి చెప్పకు, పరికిణీ కథ మళ్ళీ మొదలెడుతుంది' అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టాను.

ఇలాంటివి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. దివాకర్ గారికీ కొన్ని చెప్పాను. ఆయన వింటారు.

మీ పద్మ


ట్రాయ్
సెప్టెంబర్ 28

చి. పద్మకి, ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. మీ అన్నయ్య గారు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చారు. కారులో సగం దూరం వచ్చాక, 'ఎలా ఉన్నాడు?' అన్నారు. 'నిదానం మనిషి' అన్నాను. ఇంటికొచ్చాక ఆయన టీవీ పెట్టలేదు. నేను చెప్పిందంతా కూర్చుని విన్నారు.

నిజం చెప్తాను. మొదటి రోజు అతను నాకు నచ్చలేదు. ఏదడిగినా ఇంత ఆలోచించి జవాబు చెప్తాడేమిటి, లోపల ఏమన్నా దాస్తున్నాడా అనుకున్నాను. కాఫీలో పంచదార ఎంత వేయాలని అడిగితే కూడా ఆలోచించాడు! సర్వపిండి బాగుంది. నాకోసం కారం తగ్గించి చేసి, తను మాత్రం పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తిన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నువ్వు సోఫాలో ఒరిగి నిద్రపోయావు, గుర్తుందా? నీకెలా గుర్తుంటుందిలే. నేనూ అతనూ వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాం. నా చేతిలో మూత జారి ఠంగుమంది. అతను గిరుక్కున తిరిగి, నాకేసి చూసి, పెదవుల మీద వేలు పెట్టాడు. నన్ను! మా తమ్ముడి వంటింట్లో నన్ను చప్పుడు చేయొద్దన్నాడు. కోపం రావాల్సింది. ఆ తర్వాత గిన్నెలన్నీ ఒక్కొక్కటే పువ్వులు పెట్టినట్టు పెట్టాను.

తిరిగొచ్చే రోజు నీకు ఆఫీస్ మీటింగ్ పడి అతను నన్ను దింపాడు కదా. ఆ సంగతి నీకు ఫోన్‌లో చెప్పలేకపోయాను. కారెక్కి కూర్చోగానే, 'సీటు బెల్ట్ పెట్టుకోండక్కా' అన్నాడు. ఏమీ లేదు, మామూలుగానే అన్నాడు. వాళ్ళ వైపు ఎవరినైనా అలాగే పిలుస్తారట. నన్ను అక్కా అని పిలిచేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు పద్మా. ఆ మాట విని నాలుగేళ్ళయింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏమైందని అతను అడగలేదు. హైవే ఎక్కాక, ఎప్పటిలాగే ఇంత ఆలోచించి, 'రాజీవ్ గారి ముచ్చట చెప్పండక్కా. పెద్దయినంక సంగతి పద్మజ చెప్పింది. చిన్నప్పటిది మీకే ఎరుక' అన్నాడు.

చెప్పాను. ఎయిర్‌పోర్ట్ వచ్చేసింది, నేనింకా చెప్తూనే ఉన్నాను. దింపే చోట పోలీసు కదలమన్నాడు. ఇతను చుట్టు తిప్పుకుని మళ్ళీ అక్కడికే తెచ్చాడు. మళ్ళీ కదలమన్నారు. అప్పుడు పార్కింగ్‌లోకి తీసుకెళ్ళి, కారు ఆపి, స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. వాడు బడి ఎగ్గొట్టి గోదావరి గట్టున దాక్కున్నది, నాన్న కళ్ళజోడు మీద కూర్చున్నది, నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు నా చెంగు వదలకుండా కారు దాకా వచ్చినది, అన్నీ. నవ్వాల్సిన చోట నవ్వాడు. అప్పగింతల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా విమానానికి టైమవుతోందని మాత్రం గుర్తు చేశాడు, అది కూడా నేను కథ ముగించాకే.

నువ్వు జూన్‌లో అడిగినదానికి జవాబు ఇప్పుడు చెప్తున్నాను. విమానంలో కూర్చుని ఎన్ని రకాలుగా ఆలోచించినా ఒక్కటే తేలింది. నువ్వు నన్ను వదినా అనాలంటే నీ మొగుడు నాకు తమ్ముడు కావాలి. మన వరసల్లో దానికి ఇంకో దారి లేదు. రాజీవ్ చోటు రాజీవ్‌దే. అందులో ఎవరూ కూర్చోరు, అతనూ కూర్చోనన్నాడు. కానీ మా అమ్మ కడుపున ఇంకో కొడుకు పుట్టి ఉంటే నేను కాదనేదాన్నా?

పెళ్ళి ఎక్కడ, ఎలా అన్నది మీ ఇష్టం. కోర్టులో సంతకాలు పెట్టుకున్నా సరే. మీ అన్నయ్య గారు అప్పుడే పంచాంగం తీసి కూర్చున్నారు, ఆయన్ని ఆపడం నా తరం కాదు.

అతనికి ఒక మాట చెప్పు. అక్కా అనడం బాగానే ఉంది. ఆ 'పెట్టుకోండి', 'చెప్పండి' మాత్రం మానేయమను. మా ఇంట్లో తమ్ముడు అక్కని మీరు అనడు.

నీ వదిన